ఆక్టేన్‌కి మారే ముందు: రిక్వెస్ట్‌ను దాచిపెట్టకండి

మొన్న మేం చూసుకునే ఒక సైట్‌లో లాగిన్ అయిన మనిషికి ఇంకెవరివో ఆర్డర్లు కనిపించాయి. ఎవరూ హ్యాక్ చేయలేదు. లారావెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టును ఆక్టేన్ మీదికి, అంటే అప్లికేషన్‌ను మెమరీలోనే ఉంచి నడిపే ప్యాకేజీ మీదికి మార్చి రెండు రోజులైంది, అంతే. మాటిమాటికీ పిలవడం ఎందుకని ఎవరో రిక్వెస్ట్‌ను, అంటే యూజర్ బ్రౌజర్ నుంచి వచ్చిన వివరాలున్న ఆబ్జెక్ట్‌ను, ఒక స్టాటిక్ ప్రాపర్టీలో (క్లాస్ మొత్తానికి ఒక్కటే ఉండే చోట) పెట్టారు. ఖాళీగా ఉంటేనే నింపాలి, లేకపోతే ఉన్నదే వాడాలి అని రాశారు.

అదే కోడ్ ఏళ్ల తరబడి బాగానే నడిచింది. పీహెచ్‌పీని మామూలుగా నడిపే ఎఫ్‌పీఎం కింద రిక్వెస్ట్ పూర్తికాగానే స్టాటిక్‌లో ఉన్నది కూడా చెరిగిపోతుంది కాబట్టి. ఆక్టేన్‌లో, కింద సర్వర్‌గా స్వూల్ ఉన్నా రోడ్‌రన్నర్ ఉన్నా, వర్కర్ (రిక్వెస్టులకు జవాబిచ్చే ప్రాసెస్) ఒక రిక్వెస్ట్ అయిపోయాక కూడా బతికే ఉంటుంది. మొదట వచ్చిన యూజర్ రిక్వెస్ట్ అందులో అలాగే ఉండిపోతుంది, తర్వాత వచ్చినవాళ్లకి అదే అందుతుంది. మామూలుగా 500 రిక్వెస్టులకి వర్కర్ రీస్టార్ట్ అవుతుంది. అందుకే తప్పు కాసేపు కనిపించి మాయమవుతుంది, మనం మాత్రం టెన్షన్‌తో లాగ్‌లు తిరగేస్తూ ఉంటాం.

సింగిల్టన్ సర్వీస్ (ఒక్కసారే తయారై మళ్లీ మళ్లీ వాడే ఆబ్జెక్ట్) కన్‌స్ట్రక్టర్‌లోకి రిక్వెస్ట్‌ను పంపడమూ ఇదే తప్పు. అప్లికేషన్ బూట్ అయ్యేటప్పుడే ఆ సర్వీస్ తయారైతే, అప్పటి రిక్వెస్టే దాని చేతిలో మిగిలిపోతుంది.

కంట్రోలర్‌లో మెథడ్ పారామీటర్‌గా రిక్వెస్ట్ టైప్ రాయండి. కావాల్సిన ఆబ్జెక్టులను అందించే లారావెల్ కంటైనర్ ప్రస్తుత రిక్వెస్ట్‌నే ఇస్తుంది. సర్వీస్‌కి కావాల్సింది ఐడీ అయితే ఐడీ ఒక్కటే పంపండి, రిక్వెస్ట్ మొత్తాన్ని కాదు.

సింఫనీ (ఇంకో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లు ప్రస్తుత రిక్వెస్ట్‌ను ఇచ్చే రిక్వెస్ట్‌స్టాక్‌ను కన్‌స్ట్రక్టర్‌లో తీసుకోవచ్చు, కానీ ప్రస్తుత రిక్వెస్ట్‌ను అక్కడే బయటికి తీసి దాచుకోకండి. మెథడ్ లోపల, అవసరమైనప్పుడు అడగండి. కన్సోల్ కమాండ్‌లో రిక్వెస్ట్ ఉండదు కాబట్టి నల్ (ఖాళీ) వస్తుంది, చూసుకోండి.

క్యూ జాబ్ (వెనకాల విడిగా నడిచే పని) లోపల రిక్వెస్ట్ హెల్పర్‌ను పిలవొద్దు. అక్కడ యూజర్ పంపిన రిక్వెస్ట్ ఉండదు.

వచ్చిన ఇన్‌పుట్ మొత్తాన్ని తీసుకెళ్లి మోడల్‌లో (డేటాబేస్ రికార్డును చూసుకునే క్లాస్) పోయొద్దు. వ్యాలిడేట్ అయినవే వాడండి.

మీ సైట్ ప్రాక్సీ (ముందుగా రిక్వెస్ట్ అందుకుని లోపలికి పంపే సర్వర్) వెనక ఉంటే, నమ్మదగిన ప్రాక్సీలను సెట్ చేయకుండా ఐపీ అడ్రస్‌ను నమ్మొద్దు.

స్టాటిక్ అనే మాట కోసం ప్రాజెక్టంతా వెతకండి. ఈరోజే. రిక్వెస్ట్ గానీ, లాగిన్ అయిన యూజర్ గానీ ఎక్కడ దాచి ఉన్నా తీసేయండి.

తర్వాత వర్కర్ల సంఖ్య ఒకటికి తగ్గించి, రెండు బ్రౌజర్లలో ఇద్దరు యూజర్లుగా లాగిన్ అయి పేజీలు మార్చి మార్చి తెరవండి. ఎక్కువ వర్కర్లుంటే ఇద్దరూ చెరో దానికి వెళ్లి తప్పు బయటపడకపోవచ్చు. ఈ పరీక్ష కాకుండా లైవ్‌లో పెట్టకండి.