మీ ఊరి మీద జరిగిన యూనివర్సిటీ పరిశోధనను వెతికి చదవడం ఎలా?

పోచంపల్లి చుట్టుపక్కల ఉన్న నేత ఊళ్లలో మాదొకటి. నా చిన్నప్పుడు ఒక సాయంత్రం ఎం.ఏ. చదువుతున్న అమ్మాయి ఒకామె ప్రశ్నల కాయితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మగ్గం సొంతమేనా, నూలు సొసైటీ ఇస్తుందా, షావుకారు ఇస్తాడా, రోజుకు ఎన్ని గంటల పని, ఒంట్లో ఎక్కడెక్కడ నొప్పులు అని వరసగా అడిగింది. అమ్మ ఆసు పోస్తూనే (మగ్గానికి ఎక్కే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో పోసే పని), చెయ్యి ఆపకుండా అన్నింటికీ జవాబు చెప్పింది. ఆ అమ్మాయి చాయ్ తాగి, దండం పెట్టి వెళ్లిపోయింది. తర్వాత ఆ కాయితాలు ఏమయ్యాయో మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

చాలా ఏళ్ల తర్వాత వాటిని వెతకడానికి కూర్చున్నాను. ఆ వెతుకులాటలో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ ఊరికీ ఎవరో ఒక విద్యార్థి వచ్చే ఉంటారు. మీ పంట, మీ చెరువు, మీ కులవృత్తి, మీ జాతర, మీ యాస, వీటిలో ఏదో ఒకదాని మీద ఎక్కడో ఒక సిద్ధాంత గ్రంథం (థీసిస్) ఉండే ఉంటుంది.

ముందు, ఏ డిపార్ట్‌మెంట్‌లో వెతకాలో ఆలోచించండి

ఒకే విషయాన్ని ఎంతమంది ఎన్ని వైపుల నుంచి చూస్తారో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లనే తీసుకోండి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలిచేది కెమిస్ట్రీ వాళ్లు. అది ఏ రాయిలోంచి వస్తోందో చూసేది జియాలజీ వాళ్లు. ఎముకలు వంగిపోయిన మనుషుల కుటుంబాలు ఎలా బతుకుతున్నాయో అడిగేది సోషియాలజీ వాళ్లు. మంచినీటి పథకాల అమలును పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు చూస్తారు. చెరువు సంగతీ అంతే. చేపలు జువాలజీకి, నాచు బాటనీకి, తూము దగ్గరి శాసనం చరిత్ర శాఖకు, ఆయకట్టు లెక్కలు ఎకనామిక్స్‌కు పోతాయి. కాబట్టి ఒక చోట దొరకలేదని వదిలేయకండి. మా నేత పని గురించి నేను మొదట చరిత్ర శాఖలో వెతికి నిరాశపడ్డాను. తీరా చూస్తే ఎక్కువగా ఉన్నవి ఎకనామిక్స్‌లో, కామర్స్‌లో.

శోధ్‌గంగ తెరవండి

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు మన దేశంలో అతిపెద్ద ఖజానా శోధ్‌గంగ అనే ఈ వెబ్‌సైటే. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే సంస్థ, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతోంది. గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009లో నిబంధన పెట్టింది. ఇప్పుడు ఐదు లక్షలకు పైగా గ్రంథాలు ఉన్నాయి. చదవడానికి డబ్బు కట్టనక్కర్లేదు, ఫోన్‌లో కూడా తెరుచుకుంటాయి.

పైన కనిపించే వెతుకుడు పెట్టెతోనే సరిపెట్టుకోవద్దు. యూనివర్సిటీల జాబితాలోకి వెళ్లి ఉస్మానియానో, ఆంధ్రానో, కాకతీయనో, శ్రీ వేంకటేశ్వరనో ఎంచుకోండి. అందులో డిపార్ట్‌మెంట్ తెరిచి పేర్ల పట్టిక మొత్తం తీరిగ్గా చదవండి. గంట పడుతుంది. ఆ గంటలో మీరు వెతకని విషయాలు కూడా ఎదురవుతాయి, అదే ఇందులో అసలు సంతోషం.

వ్యవసాయం అయితే కృషికోశ్ అనే వెబ్‌సైటుకు వెళ్లండి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల గ్రంథాలు అక్కడ ఉంటాయి, పీహెచ్‌డీవే కాదు, ఎమ్మెస్సీ వాళ్లవి కూడా. వేరుశనగ, మిరప, కంది వేసే రైతులకు ఎమ్మెస్సీ గ్రంథాలే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. ఒక రకం విత్తనం, ఒక తెగులు, ఒక ఎరువు మోతాదు అని చిన్న ప్రశ్న తీసుకుని తేల్చి చెబుతాయి.

పాత జిల్లా పేరుతో, రకరకాల స్పెల్లింగులతో వెతకండి

నేను ఇక్కడే చాలా రోజులు పోగొట్టుకున్నాను. మాది ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఆ పేరుతో వెతికితే ఏమీ రాలేదు. 2016 అక్టోబరుకు ముందు మా ఊరు నల్గొండ జిల్లాలో ఉండేది కదా, పాత పరిశోధనలన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కాబట్టి బాపట్ల గురించి కావాలంటే గుంటూరు, ప్రకాశం కూడా చూడాలి. ఇంకా వెనక్కి వెళ్తే ఇంకా తిరకాసు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. దర్శి, పొదిలి ప్రాంతాలు అంతకుముందు నెల్లూరు కింద ఉండేవి. దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బును) మొదట గుర్తించిన 1937 నాటి పని కూడా నెల్లూరు జిల్లా పేరుతోనే కనిపిస్తుంది.

ఇక స్పెల్లింగు. తెలుగులో రాసిన గ్రంథాల పేర్లను కూడా చాలాసార్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కిస్తారు. యక్షగానం అని వెతికితే రానిది యక్షగాన అనో, యక్షగానము అనో, రెండు ముక్కలుగా విడగొట్టి యక్ష గానములు అనో వెతికితే వస్తుంది. పోచంపల్లి చివర ఒకరు ‘వై’ పెడతారు, ఒకరు ‘ఐ’ పెడతారు. కడపకు పాత స్పెల్లింగు వేరే ఉంది. ఓపిగ్గా నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి.

తెలుగు గ్రంథాల లోపలి మాటలు వెతకాలనుకుంటే మాత్రం ఇబ్బందే. చాలావాటిని ‘అను’ అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో టైపు చేశారు, లేదా కాయితాన్ని స్కాన్ చేసి పెట్టారు. కంటికి చక్కటి తెలుగే కనిపిస్తుంది. కాపీ చేసి వేరేచోట అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అలాంటప్పుడు విషయసూచిక చూసుకుని పేజీలు తిప్పడమే మార్గం.

ఫైళ్లను ఈ వరుసలో చదవండి

శోధ్‌గంగలో ఒక గ్రంథం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. టైటిల్ ఒక ఫైలు, విషయసూచిక ఒకటి, సారాంశం ఒకటి, ఒక్కో అధ్యాయం ఒక్కోటి. కొత్తగా ఎక్కించినవాటిలో 80 అంకెతో మొదలయ్యే రికమెండేషన్ ఫైలు చివర కనబడుతుంది. సాధారణంగా ముగింపు అధ్యాయం అందులో దొరుకుతుంది. సారాంశం చదివాక నేరుగా దానికి వెళ్లండి. మూడు వందల పేజీల్లో ఏం తేల్చారో పది పేజీల్లో అర్థమవుతుంది.

తర్వాత పరిశోధన పద్ధతి గురించి చెప్పే అధ్యాయం. దీన్ని దాటేయకండి. ఎన్ని ఊళ్లు తిరిగారు, ఎంతమందిని అడిగారు, వాళ్లను ఎలా ఎంచుకున్నారు, ఏ సంవత్సరంలో అడిగారు అనేవి ఇక్కడే ఉంటాయి. గ్రంథం సమర్పించిన సంవత్సరం వేరు, ఊళ్లోకి వచ్చిన సంవత్సరం వేరు. మధ్యలో మూడు నాలుగేళ్లు గడిచిపోతుంటాయి. ఆ మధ్యలో నూలు ధర మారిపోతుంది, కూలి మారిపోతుంది. రెండు ఊళ్లలో వంద మందిని అడిగి తేల్చిన మాటను జిల్లా అంతటికీ వర్తింపజేయకూడదు. మంచి పరిశోధకులు ఈ పరిమితులను వాళ్లే రాసి పెడతారు. అది కనిపిస్తే ఆ గ్రంథం మీద నాకు నమ్మకం పెరుగుతుంది.

చివర అనుబంధంలో ప్రశ్నావళి ఉంటుంది. ఏం అడిగారో, అంతకంటే ముఖ్యంగా ఏం అడగలేదో అక్కడ తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో లేకపోతే

పాత గ్రంథాలు కొన్ని పుస్తకాలుగా వచ్చాయి. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద, సి. నారాయణరెడ్డి ఆధునిక కవిత్వం మీద చేసిన పరిశోధనలు అలా అచ్చయినవే. ఇలాంటివి జిల్లా గ్రంథాలయంలో అడిగి చూడండి.

ఎం.ఏ. ప్రాజెక్టులు, డిజర్టేషన్లు శోధ్‌గంగలో ఉండవు. అవి డిపార్ట్‌మెంట్ బీరువాల్లో ఉంటాయి. మా ఇంటికి వచ్చిన అమ్మాయిది ఎం.ఏ. అని గుర్తుకు రావడానికి నాకు చాలాకాలం పట్టింది. అలాంటివి కావాలంటే శాఖాధిపతికి తెల్లకాయితం మీద అర్జీ రాయండి. మీరెవరు, ఏ విషయం, సుమారుగా ఏ సంవత్సరం, ఎందుకు చదవాలనుకుంటున్నారు, ఇవన్నీ నాలుగు వాక్యాల్లో చెప్పండి. గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని రాసుకోవాలి. సెలవులూ పరీక్షలూ లేని రోజు చూసుకుని పొద్దున్నే వెళ్లండి.

నేను అలాగే వెళ్లాను. మూడో బీరువాలో, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు చెరిగిపోయిన ఒక బైండు దొరికింది. మా ఊరి పేరు ఉంది. అమ్మ పేరు లేదు, ఉండకూడదు కూడా. జవాబు చెప్పినవాళ్ల పేర్లు బయటపెట్టకపోవడం మంచి పద్ధతి. ఆరోగ్య సమస్యల పట్టికలో భుజం నొప్పి అనే వరుస దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

తిరిగి ఊరికి వినిపించండి

జవాబులు చెప్పినవాళ్లకు జవాబు చేరాలి. ముగింపు అధ్యాయాన్ని మామూలు మాటల్లో రెండు పేజీలు రాసుకుని, సంఘం ఆఫీసులోనో రచ్చబండ దగ్గరో చదవండి. రాసిన విద్యార్థి పేరు, యూనివర్సిటీ, సంవత్సరం తప్పక చెప్పండి. వింటున్నవాళ్లు “ఇది తప్పు” అంటే దాన్నీ రాసుకోండి.

నేను రాసుకొచ్చింది అమ్మకు చదివి వినిపించాను. నేత కుటుంబాల్లో స్త్రీలు ఆసు పోసి, కండెలు చుట్టి మగవారికి సహాయపడతారు అనే వాక్యం దగ్గర ఆపింది.

“సాయం ఏంది బిడ్డా? ఆసు పొయ్యకపోతే మగ్గమెట్ల నడుస్తది? అది నా పని. గట్లనే రాయమని చెప్పు.”

ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి, పేజీ నంబరు వేసి, డిపార్ట్‌మెంట్‌కు పోస్టు చేశాను. మీరూ ఇలాంటి దిద్దుబాటు పంపితే పేజీ నంబరు, ఊరి పేరు, ఫోన్ నంబరు మరిచిపోకండి. అదే విషయం మీద తర్వాత పని చేసే విద్యార్థికి మిమ్మల్ని వెతుక్కోవడం తేలికవుతుంది.