మన గ్రూపులో పెళ్లి గురించి మాట్లాడుకోవడం ఎలా?

క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి) గ్రూపులు నడిపేవాళ్లు చాలామంది పెళ్లి ఊసెత్తరు. ఎత్తితే గొడవేనని టెన్షన్. నాకు పెళ్లి అక్కర్లేదు, నా పార్టనర్‌కి కావాలి. ఈ వాదన మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే కాబట్టి గ్రూపులో దీన్ని నడపడానికి నాకు భయం పోయింది. నేనెలా నడుపుతానో చెప్తాను.

మొదట ప్రశ్న మార్చండి. "స్వలింగ వివాహానికి మీరు అనుకూలమా, వ్యతిరేకమా" అని మాత్రం అడగొద్దు. అడిగిన మరుక్షణం గది రెండు జట్లవుతుంది, ఇక ఎవరి జట్టును వాళ్లు కాపాడుకోవడంతోనే సరిపోతుంది. "పెళ్లి సర్టిఫికెట్ చేతికొస్తే దాంతో మీరు చేసే మొదటి పని ఏంటి?" అని అడగండి. జవాబు చీటీ మీద రాయమనండి, పేరు వద్దు. ఆసుపత్రిలో సంతకం, ఉమ్మడి లోను, వీసా, పిల్లల దత్తత లాంటివి వస్తాయి. "అమ్మకి చూపిస్తా" అని ఒకటుంటుంది. "చింపేస్తా" అని కూడా ఒకటుంటుంది, దాన్ని కూడా పైకి చదవండి.

ఇప్పుడు ఆ చీటీల్ని కుప్పలు పెట్టండి. వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీ, నామినేషన్ లాంటి కాగితాలతో కొంతైనా తీరేవి ఒకవైపు. పెళ్లిగానీ దానికి సమానమైన చట్టంగానీ లేకపోతే తీరనివి ఇంకోవైపు. ఏది ఎటు వెళ్తుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఆ రోజుకి ఒక లాయర్‌ని పిలవగలిగితే మంచిది. కాగితాలుంటే చాలదా అని ఎవరైనా అంటే ఎడిత్ విండ్సర్ సంగతి చెప్పండి. ఎడిత్, ఆమె ప్రియురాలు థియా స్పైయర్ న్యూయార్క్‌లో 40 ఏళ్లకు పైగా కలిసి బతికారు. 2007లో కెనడా వెళ్లి పెళ్లి కూడా చేసుకున్నారు. 2009లో థియా పోయాక ఆస్తి ఎడిత్‌కే వచ్చింది, దాంతోపాటు 3,63,053 డాలర్ల ఫెడరల్ ఎస్టేట్ పన్ను కూడా వచ్చింది. వాళ్ల పెళ్లిని అమెరికా ఫెడరల్ చట్టం గుర్తించకపోవడమే కారణం; అదే భర్త పోయి ఉంటే ఆ పన్ను పడేది కాదు. 2013లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతోనే ఆమె గెలుపు ఖాయమైంది. "అమ్మకి చూపిస్తా" చీటీ ఏ కుప్పలోకీ రాదు, విడిగా పెట్టండి. ఎవర్నీ నవ్వనివ్వకండి.

ఆ తర్వాత మైకు పెళ్లి వద్దనేవాళ్లకు ముందు ఇవ్వండి. ఇది నేను పట్టుబట్టి చేసే పని. వాళ్లు చివర్లో మాట్లాడితే అప్పటికే ద్రోహుల్లా కనిపిస్తుంటారు. ఈ అభిప్రాయభేదం కొత్తదీ కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. 1989లో టామ్ స్టోడర్డ్, పౌలా ఎటెల్‌బ్రిక్ అనే ఇద్దరు న్యాయవాదులు ఒకే పత్రికలో ఎదురెదురుగా వ్యాసాలు రాశారు. ఇద్దరూ అమెరికాలోని లాంబ్డా లీగల్ అనే ఒకే సంస్థలో పనిచేసేవాళ్లు. పెళ్లి అనే వ్యవస్థ మీద తనకేమీ మోజు లేదంటూనే, ఆ హక్కు కోసం మాత్రం పోరాడాల్సిందే అన్నాడు స్టోడర్డ్. పెళ్లి మనల్ని విముక్తుల్ని చేయదు, మిగతావాళ్లలో కలిపేస్తుంది, చేసుకోనివాళ్లని ఇంకా చిన్నచూపు చూస్తారు అంది ఎటెల్‌బ్రిక్.

ఆమె భయం ఊరికే పోలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్వలింగ వివాహం చట్టమయ్యాక, అప్పటిదాకా రిజిస్టర్డ్ భాగస్వాములుగా (పెళ్లి కాకుండా ప్రభుత్వం దగ్గర జంటగా నమోదై) ఉన్న స్వలింగ జంటల్లో ఇద్దరి వయసూ 62 లోపు ఉన్నవాళ్లని 2014 జూన్ 30న చట్టమే దంపతులుగా మార్చేసింది. ఆలోగా విడిపోతేనో, వాళ్లంతట వాళ్లే పెళ్లి చేసుకుంటేనో తప్ప! పెళ్లి కోసం ఎదురుచూసిన జంటకి ఇది శుభవార్తే. కావాలనే అక్కడ ఆగినవాళ్ల సంగతేంటి? ఈ ప్రశ్న వేసి కాసేపు మీరు మాట్లాడకండి.

వద్దనేవాళ్లందరూ ఒకే కారణంతో వద్దంటారనుకోవద్దు. పెళ్లి అంటేనే ఆడదాన్ని ఒకరి సొత్తు చేయడం అనే స్త్రీవాది ఒకరుంటారు. పంచుకోవడానికి ఆస్తే లేనివాడికి వారసత్వపు చర్చ విసుగు. ఇద్దరు భాగస్వాములతో బతికేవాళ్లకీ, జంటే అక్కర్లేని ఏసెక్సువల్ (లైంగిక ఆకర్షణ కలగని) స్నేహితులకీ ఈ చట్టంలో చోటెక్కడ? ట్రాన్స్ వాళ్ల అనుభవం మరీ వేరు. జర్మనీలో పెళ్లైన ట్రాన్స్ వ్యక్తి కాగితాల్లో జెండర్ మార్చుకోవాలంటే ముందు విడాకులు తీసుకోవాల్సి వచ్చేది. యాభై ఏళ్లకు పైగా భార్యతో కాపురం చేసిన ఒక ట్రాన్స్ మహిళ దాని మీద కోర్టుకెళ్లింది. 2008లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ షరతు చెల్లదంది. పెళ్లి ఆమెకి ఒకేసారి అడ్డూ అయింది, వదులుకోలేనిదీ అయింది. "ట్రాన్స్ వాళ్లు అనుకూలమా, కాదా" అని అడిగేవాళ్లకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

రెండు మాటలు వినగానే ఆపండి. "మేం పోరాడుతుంటే నువ్వు అడ్డుపడుతున్నావ్" అనేది ఒకటి. "స్ట్రెయిట్ వాళ్లని కాపీ కొడుతున్నారు" అనేది రెండోది, ఇది ఎక్కువ గుచ్చుకుంటుంది. ఒకసారి నా నోటి నుంచే వచ్చినప్పుడు నా పార్టనర్ అంది, "నాకు ఉద్యమం వద్దు, మా ఫ్యామిలీ ఫొటోలో నీకు చోటు కావాలి." నేను ఇప్పటికీ పెళ్లి వద్దనే అంటాను. కానీ ఆ వాదనకి నా దగ్గర ఎదురు లేదు.

తీర్పు వచ్చిన రోజు చర్చ పెట్టకండి. 2023 అక్టోబర్ 17న భారత సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. సివిల్ యూనియన్ల (పెళ్లి అని పిలవకుండా చట్టం గుర్తించే జంట బంధాల) హక్కు విషయంలో మాత్రం 3-2గా చీలి, అది కూడా లేదని తేల్చారు. అలాంటి సాయంత్రం పెళ్లి అక్కర్లేని నాలాంటివాళ్లకి కూడా ఏడుపొస్తుంది. ఆ రోజు కలిసి కూర్చోండి చాలు, వాదనలు వారం తర్వాత.

జంటలు ఎక్కువసేపు మాట్లాడతారు. వాళ్ల కథలు బాగుంటాయి మరి. ఒంటరివాళ్లకి విడిగా సమయం ఉంచండి. ఫొటోలు, రికార్డింగులు వద్దు. ఇంట్లో చెప్పనివాళ్లు ఎవరున్నారో మీకు తెలియదు.

చివర్లో ఓటింగ్ పెట్టొద్దు. గ్రూపు తరఫున ప్రకటన ఇవ్వక తప్పకపోతే రెండు పేరాలు రాయండి. ఆసుపత్రి, వారసత్వం, పిల్లలు, పుట్టింటివాళ్ల హింస నుంచి రక్షణ లాంటి అందరూ ఒప్పుకున్నవి మొదటిదాంట్లో. పెళ్లి విషయంలో ఎక్కడ విడిపోయామో, రెండు వైపులవాళ్లూ చెప్పింది చెప్పినట్టు రెండోదాంట్లో. ఎవరు ఏ పేరా కింద సంతకం పెడతారో వాళ్లనే తేల్చుకోనివ్వండి. అసలు పెట్టనివాళ్లని ఎందుకని అడగకండి.