పెద్ద మోడల్ రైల్వే లేఅవుట్‌ను కొత్త ఇంటికి ఎలా తీసుకెళ్లాలి?

అమెరికాలో బేస్‌మెంట్‌లోనో, మన దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఒక గదిలోనో ఏళ్ల తరబడి కట్టుకున్న లేఅవుట్‌ను, అంటే బల్ల మీద పట్టాలు, స్టేషన్లు, కొండలతో అమర్చిన బుల్లి రైల్వేను, వదిలేసి వెళ్లడానికి ఎవరికీ మనసొప్పదు. ఇల్లు మారాలనగానే అందరూ ప్యాకింగ్ గురించి టెన్షన్ పడతారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, దాన్ని ఎక్కడ కోయాలన్నది. ఆ గీతలు సరిగ్గా పడితే మిగతా పనంతా ఓపికతో అయిపోతుంది.

కొలతలు

కొత్త గది కొలతలు ఒక్కటే చాలవు. తలుపు వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్ట్ లోపలి జాగా, వ్యాన్ లోపలి ఎత్తు కూడా రాసుకోండి. వీటిలో ఏది ఇరుకో అదే మీ ముక్కల సైజును నిర్ణయిస్తుంది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న ప్లైవుడ్ బల్ల చాలా ఇళ్లలో మెట్ల దగ్గరే ఆగిపోతుంది. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున్న ముక్కనైతే ఇద్దరు సులువుగా మోస్తారు.

కోత గీత

పట్టాలు తిన్నగా ఉన్నచోట, వాటికి అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో గీత పడాలి. పాయింట్ల (బండి ఒక దారి నుంచి మరో దారికి మారే చోట్ల) మీద, వంపుల మీద, సొరంగాల లోపల కోయకండి. వంపులో కోస్తే పట్టా చివరలు తిన్నగా సాగిపోతాయి. మళ్లీ కలిపినప్పుడు అక్కడ మూల తేలి, బండి పట్టాలు తప్పుతుంది. హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు రైలులో 87వ వంతు సైజు) గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 16.5 మిల్లీమీటర్లే కాబట్టి అర మిల్లీమీటరు తేడా కూడా ఎక్కువే. గీత గీసే ముందు బల్ల కింద కూడా చూడండి. పాయింట్‌ను కదిపే మోటారో, అడ్డబద్దో సరిగ్గా అక్కడే ఉండొచ్చు.

అన్నీ తీసుకెళ్లాలనుకోవద్దు. ప్లాస్టర్ కొండలు బరువు, పైగా దారిలో పగుళ్లిస్తాయి. వాటిని కొత్తచోట మళ్లీ చేసుకోవచ్చు. పాయింట్లు కుదురుగా పనిచేసే స్టేషన్ యార్డును మాత్రం ఎలాగైనా కాపాడుకోండి.

రంపం పట్టే ముందు

పైనుంచీ కిందనుంచీ ఫొటోలు తీయండి. గీతను దాటే ప్రతి వైరుకూ రెండు వైపులా ఒకే నంబరు చీటీ అంటించండి. తర్వాత వైరు తెంచి ప్లగ్, సాకెట్ పెట్టుకుంటే కొత్త ఇంట్లో టంకం పని తప్పుతుంది.

ఇళ్లు, చెట్లు, బళ్లు తీసేయండి. గీతకు రెండు పక్కలా బల్ల కింద ఒక్కో గట్టి చెక్క బిగించి, ఆ రెండింటినీ బోల్టులతో కలపండి. ముక్కలను సరిగ్గా ఒకే వరసలో నిలిపే అలైన్‌మెంట్ పిన్నులకు రంధ్రాలు కూడా అప్పుడే వేయాలి. కోసిన తర్వాత వేస్తే రెండు ముక్కలూ మళ్లీ అదే చోట కూర్చోవు. ఈ ఒక్క పనికి ఎంత సమయం పట్టినా పెట్టండి.

పట్టా చివరలు కదలకుండా గీతకు అటూ ఇటూ ఉన్న ప్లాస్టిక్ స్లీపర్లు (పట్టాల కింది అడ్డ దిమ్మెలు) తీసి, రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్కలను గట్టిగా అతికించి, పట్టాలను వాటికి టంకం వేయండి. రెండు పట్టాల మధ్య ఆ రాగి పూతను గీకి విడదీయాలి, లేకపోతే షార్ట్ అవుతుంది.

ఇప్పుడు ప్రతి ముక్క కిందా విడిగా ఆధారం పెట్టండి. పట్టాలను సన్నటి కటింగ్ డిస్క్‌తో కోసి, చివరలను ఆకురాయితో నునుపు చేయండి. డిస్క్ విరిగితే ముక్కలు ఎగురుతాయి కాబట్టి కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. ఆ తర్వాత బోల్టులు విప్పి బల్లను కోయండి.

ప్రయాణం

రెండేసి ముక్కలను ఎదురెదురుగా పెట్టి, రెండు చివర్లా ప్లైవుడ్ పలకలు బిగిస్తే పెట్టెలా తయారవుతుంది. మధ్యలో ఎత్తైన వస్తువు తగలనంత ఖాళీ ఉండాలి. ఇంజిన్లను వాటి పెట్టెల్లోనే సర్ది మీ కారులో మీరే తీసుకెళ్లండి.

అమెరికా నుంచి ఇండియాకి వస్తుంటే పవర్ సప్లై లేబుల్ చూడండి. 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. 120 వోల్టులే ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా పెట్టకూడదు, కాలిపోతుంది.

మళ్లీ కలపడం

చెక్క కొత్త గది తేమకు అలవాటు పడాలి కాబట్టి కొన్ని రోజులు ముక్కలను అక్కడే ఉంచండి. ముందు యార్డు ముక్కను నిలబెట్టి రసమట్టంతో మట్టం చూసి, అక్కణ్నుంచి రెండు వైపులకూ సాగండి. వైర్లు కలపకముందే ప్రతి ముక్కలోనూ రెండు పట్టాల మధ్య షార్ట్ ఉందేమో మల్టీమీటరుతో చూసుకోండి.

డీసీసీ (ఒకే పట్టాల మీద ఒక్కో ఇంజిన్‌ను విడిగా నడిపే డిజిటల్ కంట్రోల్) వాడేవాళ్లు కరెంటు ఇచ్చాక పట్టాల మీద అక్కడక్కడా ఒక నాణెం అడ్డంగా పెట్టి చూడాలి. ప్రతిచోటా పట్టాలకు కరెంటిచ్చే బూస్టర్ వెంటనే ఆగిపోవాలి. ఆగని చోట వైరు సన్నదనో, అతుకు వదులనో అర్థం. అది సరిచేయకుండా బళ్లు నడపవద్దు.

తర్వాత ఒక్క ఇంజిన్‌ను అతి నెమ్మదిగా పంపండి. అది సాఫీగా తిరిగాక, మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన బోగీలను ఇంజిన్‌తో వెనక్కి నెట్టించండి. ముందుకు లాగినప్పుడు దాగే లోపం నెట్టినప్పుడు బయటపడుతుంది. వారం పాటు ఇలా తిప్పి చూశాకే అతుకుల మీద కంకర, గడ్డి పరవండి.