వడ్రంగం క్లాసులో పిల్లలకి మళ్లీ ఆసక్తి రావాలంటే ఏం చేయాలి?

ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు చెప్పేవాళ్లకి వర్క్‌షాప్ మూలన ఉండే ఆ డబ్బా బాగా తెలుసు. నిండా పిల్లలు చేసిన జాయింట్లు, అంటే రెండు చెక్కల్ని కలిపే రకరకాల అతుకులు: హాఫ్ ల్యాపులు, మోర్టైజ్ టెనన్లు, డవ్‌టెయిల్ ముక్కలు, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో రోల్ నంబరు. మార్కులు వేశాక వాటినెవరూ ముట్టుకోరు. ఒక ఏడాది ఓ కుర్రాడు చక్కగా బిగిసిన జాయింటు పట్టుకొచ్చి "సార్, ఇది ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ ఏం చేసుకుంటుంది?" అని అడిగాడు, నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి జాయింట్లు అవే ఉంచి, చేయించే వస్తువులు మార్చాను.

ముందు ఆ డబ్బా బల్ల మీద కుమ్మరించి, ఏ ముక్క ఏ పని నేర్పుతుందో రాసుకోండి. సిలబస్‌లో ఉన్నది ఒక్కటి కూడా తగ్గకూడదు. తర్వాత ఒక్కో జాయింటుకి ఇంట్లో వాడే వస్తువు ఒకటి జత చేయండి: హాఫ్ ల్యాపుకి మంచినీళ్ల కుండ స్టాండు, గాడి జాయింటుకి వంటింటి పీట, డవ్‌టెయిల్‌కి పోపుల పెట్టె, మోర్టైజ్‌కి చిన్న స్టూలు. కుర్చీ జోలికి మాత్రం మొదట్లోనే వెళ్లకండి. నేను ఒక బ్యాచ్‌తో వెళ్లాను, వెనక కాళ్ల వాలు దగ్గరే నెలలు గడిచిపోయి, సగం కుర్చీలు అలాగే మిగిలిపోయాయి.

పిల్లల్ని వాళ్ల ఇంట్లో పీట కొలిచి రమ్మనండి. ఎవరు దాని మీద కూర్చుంటారు, ఎత్తు సరిపోతోందా, ఎక్కడ విరిగింది, ఇవన్నీ అడిగి రావాలి. డ్రాయింగ్ క్లాసులో నోరు విప్పని పిల్లలు కూడా ఆ రోజు మాట్లాడతారు.

చెక్కకి సామిల్లులో మిగిలిన వేప, మామిడి ముక్కలు చాలు, కాకపోతే బాగా ఆరినవై ఉండాలి. ప్యాకింగ్ చెక్క తెస్తే దాని మీద ముద్ర చూడండి: హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, దాన్ని లోపలికి రానివ్వకండి. రంపం పెట్టేముందు మేకులన్నీ తీయించండి.

ఇక పీట సంగతి. పలక 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం. కింద వెడల్పు వైపు రెండు అడ్డకర్రలు, వాటికోసం 8 మిల్లీమీటర్ల లోతు గాడులు. గీత పెన్సిల్‌తో కాకుండా కత్తిమొనతో గీయించండి, ఉలి అంచు ఆ గీతలో కుదురుగా కూర్చుంటుంది. గాడి రెండు పక్కలా రంపంతో కోశాక, మధ్యలో చెక్కని రెండు చివరల నుంచీ లోపలికి తీసుకురావాలి. ఒకే వైపు నుంచి తోసుకుంటూ పోతే అవతలి అంచు పెచ్చు లేస్తుంది, ఈ తప్పు దాదాపు ప్రతి ఒక్కరూ ఒకసారి చేస్తారు, కాబట్టి ముందు తుక్కు ముక్క మీద చేయనివ్వండి. అడ్డకర్ర చేత్తో నెడితే ముప్పావు వంతు దిగి, మిగతాది కొయ్య సుత్తితో రెండు దెబ్బలకి దిగాలి.

జిగురు మధ్యలో ఓ 5 సెంటీమీటర్లు మాత్రమే రాయాలి, ఎందుకంటే పలక వానాకాలంలో వెడల్పు వైపు ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. పొడవునా అతికిస్తే అది కదలలేక పగులుతుంది. చివరల్లో స్క్రూలు కింది నుంచి వేస్తూ, అడ్డకర్రలో వాటి రంధ్రాలు కాస్త పొడుగ్గా తొలవండి. కారణం చెప్పి చేయిస్తే పిల్లలు ఈ మాట మర్చిపోరు, ఇంటి తలుపు వానాకాలంలో ఎందుకు పట్టేస్తుందో కూడా వాళ్లే చెప్తారు.

ఇదంతా ముందు మీరొక్కరే చేసి టైము రాసుకోండి. నాకు రెండు గంటలు పట్టింది, పిల్లలకి నాలుగు రెట్లు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. కొలతలు అందరికీ ఒకటే, పలక అంచుల ఆకారం మాత్రం వాళ్ల ఇష్టానికి వదిలేయండి. డ్రిల్లింగ్ మెషీను దగ్గర చేతి తొడుగులు, వేలాడే చున్నీలు వద్దు, ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు.

సగం మార్కులు జిగురు పెట్టకముందే, జాయింటు విప్పి చూసి వేయండి. మిగతా సగానికి పీటని చదునైన నేల మీద పెట్టి, చేసినవాళ్లనే కూర్చోబెట్టండి, కదిలితే ఏ మూల ఎత్తుందో వాళ్లే వెతికి చిత్రిక పట్టాలి. అడుగున పేరు, తేదీ రాయించి ఇంటికి పంపేయండి. ఒక్క పీట మాత్రం గాడి కనిపించేలా అడ్డంగా కోసి, వచ్చే బ్యాచ్ కోసం గోడకి తగిలించుకోండి.