టీమ్‌లో ఇంగ్లీష్ దగ్గర ఆగిపోయేవాళ్ళకి పని చేయిస్తూనే నేర్పించడం ఎలా

ప్రతి టీమ్‌లో ఒకడుంటాడు, పనిలో దుమ్ము లేపుతాడు, కానీ కాల్‌లో మాత్రం నోరు విప్పడు. గంటసేపు మ్యూట్‌లో కూర్చుని, కాల్ కట్ అవ్వగానే మెసేజ్ పెడతాడు, "అన్నా ఆ చివర్లో ఆయన ఏమన్నాడు" అని. వాడికి సబ్జెక్ట్ రాక కాదు, ఇంగ్లీష్ దగ్గర ఆగిపోతున్నాడు. మీరు వాడి లీడో సీనియరో అయితే ఇది మీ కోసమే.

ముందుగా అందరికీ తట్టేది ఒకటే, స్పోకెన్ ఇంగ్లీష్ కోర్స్‌లో పడేద్దాం అని. నేనూ అదే చేశా. మూడు నెలలు క్లాసులకి వెళ్ళాడు, టెన్సులు నేర్చుకున్నాడు, హోటల్లో రూమ్ బుక్ చేసే డైలాగులు కూడా నేర్చుకున్నాడు, తిరిగొచ్చి మా పొద్దుటి మీటింగ్‌లో మళ్ళీ అదే మ్యూట్. క్లాస్ దండగ అనట్లేదు, బేసిక్స్ అసలు రానోళ్ళకి కావాలి. కానీ ఒక ఉద్యోగానికి రోజూ కావాల్సిన ఇంగ్లీష్ నిజానికి చాలా చిన్న ముక్క, అది ఆ మనిషి ఇన్‌బాక్స్‌లో, వాడి కాల్స్‌లోనే ఉంటుంది, బయటెక్కడో వెతకక్కర్లేదు.

సో మొదట చెయ్యాల్సింది ఎక్కడ ఆగుతున్నాడో పట్టుకోవడం. "ఇంగ్లీష్‌లో నీ ప్రాబ్లం ఏంటి" అని అడిగితే మాత్రం వేస్ట్, అందరూ చెప్పేది ఒకటే, "గ్రామర్ వీక్ అన్నా". గ్రామర్ కాదు అసలు విషయం. దానికి బదులు "ఈ వారంలో ఏ కాల్ ముందు కడుపులో తిప్పింది, ఏ మెయిల్ రాయడానికి అరగంట పట్టింది" అని అడగండి, అప్పుడు బయటికొస్తాయి. నేను చూసినంతలో తిరిగి తిరిగి అవే చోట్లు: ఇంకొంచెం టైమ్ అడగడం, కాదు అని చెప్పడం, ఎవరో మాట్లాడుతుంటే మధ్యలో ఆపడం, అర్థం కాలేదని ఒప్పుకోవడం, ఫోన్‌లో నంబర్లు.

ఇక్కడ ఒక మంచి ఐడియా అరువు తెచ్చుకోవచ్చు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్ళు 2001లో తెచ్చిన లెవెల్స్ మీరు వినే ఉంటారు, ఏ1 నుంచి సీ2 దాకా ఆరు. ఏ లెవెల్‌లో ఉన్నాడు అన్నదాని జోలికి మనం పోనక్కర్లేదు, కానీ వాళ్ళు ప్రతి లెవెల్‌నీ "ఇది చేయగలను" అనే వాక్యాల్లో రాశారు చూడండి, అది తీసుకోండి. "క్లయింట్‌ని డేట్ జరపమని అడగగలను", "ఫోన్‌లో ఆర్డర్ నంబర్ తప్పు లేకుండా రాసుకోగలను" ఇలా వాడి పనికి సరిపోయేవి నాలుగో ఐదో రాసుకుంటే చాలు, వచ్చే రెండు నెలల సిలబస్ అదే.

తర్వాత, రెడీమేడ్ వాక్యాలు. బట్టీ పట్టడం అంటే చాలామందికి చిన్నచూపు గానీ పైలట్లని చూడండి. అంతర్జాతీయ రూట్లలో తిరిగే పైలట్లకి, వాళ్ళతో మాట్లాడే కంట్రోలర్లకి 2008 మార్చి నుంచి ఆరు లెవెల్స్ స్కేల్‌లో కనీసం లెవెల్ 4 ఇంగ్లీష్ ఉండాలని రూల్, అయినా వాళ్ళ రోజువారీ మాటల్లో ఎక్కువ భాగం ముందే ఫిక్స్ చేసిన పదబంధాలే. పైగా కంట్రోలర్ ఇచ్చిన ముఖ్యమైన క్లియరెన్సుల్ని, అంటే అనుమతుల్ని, పైలట్ తిరిగి అప్పజెప్పాలి, తప్పు విన్నాడేమో అక్కడికక్కడే దొరికిపోతుంది. మన కాల్స్‌లో కూడా ఇదే పనిచేస్తుంది, "సో ఐ సెండ్ ద ఫైల్ టుడే, అండ్ యూ అప్రూవ్ ఇట్ బై థర్స్‌డే, ఈజ్ దట్ రైట్?" అని చివర్లో ఒక్కసారి అప్పజెప్పించండి. ఇంగ్లీష్ ఎంత వచ్చినోడైనా చేసే పనే కాబట్టి నామోషీ కూడా ఉండదు.

అర్థం కానప్పుడు "కెన్ యూ రిపీట్" అంటే అవతలాయన మొత్తం మళ్ళీ అదే స్పీడ్‌లో చదివేస్తాడు, ఉపయోగం సున్నా. "సారీ, ఐ లాస్ట్ యూ ఆఫ్టర్ ద సెకండ్ పాయింట్" అని నేర్పండి, ఎక్కణ్ణుంచి చెప్పాలో ఆయనకి తెలుస్తుంది, మీవాడు మొదటి రెండు పాయింట్లు విన్నాడని కూడా తెలుస్తుంది. కాదు అనడానికి "ఐ కాంట్ డూ ఫ్రైడే, ఐ కెన్ డూ మండే" చాలు, దానికి ముందు నాలుగు లైన్ల క్షమాపణలు అక్కర్లేదు. ఆలోచించుకోడానికి టైమ్ కావాలంటే "కెన్ ఐ కమ్ బ్యాక్ టు యూ ఆన్ దిస్ బై ఫోర్?" ఇలాంటివి ఒక పది, అంతే. మనసులో అనుకోవడం కాదు, పైకి అనిపించండి, నోరు తిరగాలి.

నంబర్ల గురించి మాత్రం కొంచెం గట్టిగా పట్టుకోండి. మా టీమ్‌లో ఒకసారి ఫిఫ్టీన్ అన్నది ఫిఫ్టీ అని వినపడి, 15 యూజర్ అకౌంట్లు కావాలంటే 50 క్రియేట్ చేసి పెట్టారు. అప్పట్నుంచి "వన్ ఫైవ్, ఫిఫ్టీన్" అని అంకెలు విడగొట్టి చెప్పడం అలవాటు చేశాం. తేదీలు కూడా అంతే, 03/04 అంటే కొందరికి ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4, నెల పేరు రాసేస్తే గొడవే లేదు.

ఇక మెయిల్స్. నిజంగా నేర్పే చోటు ఇదే. మా వాడు రాసిన ఒక మెయిల్ ఇలా ఉంది: "డియర్ సర్, ఐ యామ్ హావింగ్ ఎ డౌట్ ఇన్ యువర్ రిపోర్ట్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ద ఎర్లియెస్ట్." మనలో మనకి ఇది సాఫీగా అర్థమైపోతుంది. కానీ అవతల చదివేది వేరే దేశం మనిషైతే, డౌట్ అంటే నా రిపోర్ట్‌ని నమ్మట్లేదా అని చురుక్కుమంటుంది, మనం డౌట్ అనేది వాళ్ళకి క్వశ్చన్. రివర్ట్ అంటే చాలామందికి పాత స్థితికి వెళ్ళిపోవడం, జవాబివ్వడం కాదు. ఇక ఆ నీడ్‌ఫుల్ ఏంటో దేవుడికే తెలియాలి. ఇది మన ఒక్కళ్ళ జబ్బేం కాదు లెండి, జర్మన్ వాళ్ళు గెట్ అనాల్సిన చోట బికమ్ అనేస్తుంటారు, వాళ్ళ భాషలో బెకోమెన్ అంటే పొందడం కాబట్టి.

ఇలాంటి మెయిల్ చూడగానే మీరే తిరగరాసి ఇచ్చేయాలనిపిస్తుంది, రెండు నిమిషాల పని కదా. వద్దు. నేను వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో అడిగా, "అసలు ఆయన ఏం చెయ్యాలి రా?" "నాలుగో పేజీలో టోటల్ 320 ఉందన్నా, కూడితే 302 వస్తోంది, ఏది కరెక్టో చెప్పాలి." "ఎప్పటికి?" "మూడింటికల్లా, లేకపోతే ఇన్‌వాయిస్ ఆగిపోద్ది." ఇంకేం, మెయిల్ అయిపోయినట్టే. దాన్నే ఇంగ్లీష్‌లోకి దింపాడు: "ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ పేజ్ 4. ద టోటల్ ఈజ్ 320, బట్ ద రోస్ యాడ్ అప్ టు 302. విచ్ ఈజ్ కరెక్ట్? ఐ నీడ్ దిస్ బై 3 పీఎమ్ టు సెండ్ ద ఇన్‌వాయిస్." ఒక్క కష్టమైన మాట లేదు, పది నిమిషాల్లో జవాబొచ్చింది. మీవాడి మాతృభాష మీకు రాకపోయినా ఇదే పద్ధతి, ఏం కావాలి, ఎప్పటికి, ఎందుకు అని మూడూ వాడి భాషలో ఒక కాగితం మీద రాసుకోమనండి, తర్వాతే ఇంగ్లీష్. ఏఐ టూల్స్ వాడుకోవచ్చు, కాకపోతే ముందు సొంతంగా రాసి తర్వాత దానికిచ్చి ఏం మార్చిందో చూడాలి, క్లయింట్ డేటా మాత్రం అందులో పెట్టనివ్వకండి.

తప్పులు దిద్దడం గురించి నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి. కాల్‌లో అందరి ముందు "డిస్కస్ అబౌట్ కాదు, జస్ట్ డిస్కస్" అనేశా. దాదాపు నెల రోజులు వాడు కాల్‌లో నోరెత్తలేదు. అంత ఖరీదు చేసే తప్పా అది? అర్థం మారని తప్పుల్ని వదిలేయండి, ఎ, ద లాంటివి ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తేడా కొడుతూనే ఉంటాయి, ఎవడూ చావడు. అర్థం మార్చేవి పట్టుకోండి. "ఐ సెండ్ ద ఫైల్" అంటే పంపేశాడా పంపబోతున్నాడా? ఇక్కడ సెంట్ అనకపోతే అవతలాయన సాయంత్రం దాకా ఎదురుచూస్తాడు. కాల్‌లో అయితే మీ మాటలో కరెక్ట్ ఫామ్ కలిపి అనండి, "ఓకే, యూ సెంట్ ద ఫైల్, గుడ్" అని, కాకపోతే మాటల హడావిడిలో చాలామంది దాన్ని గమనించరు, అందుకే కాల్ అయ్యాక ప్రైవేట్‌గా ఒక లైన్ మెసేజ్ పెట్టండి. వారానికి ఒక్క తప్పు చాలు, పది చెప్తే ఒక్కటీ ఎక్కదు.

ఇంకో సంగతి, సగం ప్రాబ్లం మన దగ్గరే ఉంటుంది. ఇంగ్లీష్ బాగా వచ్చినోళ్ళు టచ్ బేస్ (ఓసారి మాట్లాడుకుందాం), బాల్‌పార్క్ (ఉజ్జాయింపు లెక్క), లో హ్యాంగింగ్ ఫ్రూట్ (తేలిగ్గా అయిపోయే పని) అంటూ ఊదేస్తుంటారు. ఇంగ్లీష్ వాళ్ళలో వాళ్ళకే పొసగని మాటలున్నాయి, టేబుల్ చేద్దాం అంటే బ్రిటన్‌లో చర్చకి తెద్దాం అని, అమెరికాలో పక్కన పెడదాం అని. ముందు మీ ఫ్లూయెంట్ బ్యాచ్‌కి చెప్పండి ఇవి తగ్గించమని. అజెండా ముందు రోజే పంపండి, నిర్ణయాలు చాట్‌లో టైప్ చెయ్యండి, ప్రశ్న అడిగాక ఓ ఐదారు సెకన్లు నోరు మూసుకుని ఆగండి, వాడు తలలో వాక్యం కట్టుకుంటున్నాడు. "రేపు రెండో పాయింట్ నువ్వు చెప్తావ్" అని ముందే చెప్తే ఇంకా నయం. "అర్థమైందా" అని అడగొద్దు, దానికి ఎవరైనా ఎస్ అనే అంటారు. "ముందు ఏది మొదలుపెడతావ్" అని అడిగితే నిజం తెలుస్తుంది.

కొత్త మాట నేర్చుకున్న రోజే ఒకసారి వాడించండి, రెండ్రోజులకి ఇంకోసారి, మళ్ళీ వారానికి ఒకసారి. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసి చూపించాడు, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని. ఒక ఫైల్ పెట్టించండి, టీమ్‌లో బాగా రాసేవాళ్ళ మెయిల్స్‌లోంచి నచ్చిన లైన్లు అందులో వేసుకుంటూ పోవాలి.

ఇదంతా ఆఫీస్ టైమ్‌లోనే జరగాలి. జపాన్ కంపెనీ రాకుటెన్ 2010లో ఇకపై మా ఆఫీస్ భాష ఇంగ్లీషే అని ప్రకటించి, మొదట్లో ఎవరి తంటాలు వాళ్ళు పడండి అంది, తర్వాత క్లాసుల ఖర్చు కంపెనీయే పెట్టుకోవాల్సొచ్చింది. మీరు అంత చెయ్యక్కర్లేదు, వారంలో రెండుసార్లు పావుగంట క్యాలెండర్‌లో బ్లాక్ చెయ్యండి, "ఇంటికెళ్ళి ప్రాక్టీస్ చెయ్" అంటే అది జరగదు.

రెండు మూడు నెలలకి ఆ నాలుగైదు "చేయగలను" లైన్లు టిక్ అవుతాయి, అప్పుడు మీరు పక్కకి తప్పుకోవాలి. నాకు కష్టమైంది ఇదే. పంపే ముందు ఒకసారి చూడన్నా అంటూ వాడు మెయిల్ మీకు పంపిస్తూనే ఉంటాడు, మీరు చూస్తూనే ఉంటారు, ఇద్దరికీ అలవాటైపోతుంది. ఒక రోజు చెప్పేయండి, సోమవారం నుంచి డైరెక్ట్‌గా పంపు, నన్ను సీసీలో కూడా పెట్టొద్దు అని. మొదటి వారం మీకే చేతులు దురద పెడతాయి, ఆ క్లయింట్ ఏమని జవాబిచ్చాడో అడగాలని, అడక్కండి.