శిశు గృహ నుంచి అమెరికా ఇంటికి: దత్తత బిడ్డతో తొలి ఆరు నెలలు

ఇండియాలోని శిశు గృహ నుంచి రెండు మూడేళ్ల బిడ్డను దత్తత తీసుకుని అమెరికా తీసుకెళ్లే తెలుగు దంపతులకు కాగితాల పని చెప్పడానికి ఏజెన్సీ ఉంటుంది, లాయరు ఉంటారు. బిడ్డ చంకకెక్కిన రోజు నుంచి ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. అందుకే కాగితాలను గబగబా దాటేసి, అసలు కష్టం ఉన్నచోట ఆగుదాం.

కాగితాలు: వరుస తప్పకూడదు

దంపతులకు పెళ్లయి కనీసం రెండేళ్లు కావాలి. రెండేళ్లలోపు బిడ్డకైతే ఇద్దరి వయసులు కలిపి 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 90. బిడ్డకూ తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరికైనా కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి.

దంపతుల్లో ఒకరు అమెరికా పౌరులైతే దారి ఇలా ఉంటుంది. అధీకృత ఏజెన్సీ చేత హోమ్ స్టడీ (మీ ఇల్లు, కుటుంబం దత్తతకు తగినవో కాదో చూసే పరిశీలన) చేయించుకుని ఐ-800ఏ (మీరు దత్తతకు తగినవాళ్లని తేల్చమని అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు పెట్టే దరఖాస్తు) వేయాలి. ఇండియాలో దత్తతలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా. దాని వెబ్‌సైటు కారింగ్స్‌లో నమోదు కావాలి. బిడ్డ వివరాలు వచ్చి, ఒప్పుకున్నాక ఐ-800కు (ఆ బిడ్డ కోసం అదే శాఖకు పెట్టే దరఖాస్తు) తాత్కాలిక ఆమోదం, అమెరికా రాయబార కార్యాలయం నుంచి ఆర్టికల్ 5 లెటర్ (దత్తత ముందుకు సాగొచ్చని చెప్పే ఉత్తరం), కారా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆ తర్వాతే జిల్లా మేజిస్ట్రేట్ దత్తత ఉత్తర్వు. తర్వాత జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, చివరికి దత్తత పూర్తయిన బిడ్డకు అమెరికా ఇచ్చే ఐహెచ్-3 వీసా. ఐ-800 ఆమోదం రాకముందే దత్తత ఉత్తర్వు తీసేసుకుంటే వీసా దగ్గర చిక్కు పడుతుంది. అప్పుడు బిడ్డ ఇక్కడ, మీరు అక్కడ.

"అక్క బిడ్డే కదా, రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకుని తెచ్చుకుందాం" అనుకునేవాళ్లు బోల్తాపడేదీ వీసా దగ్గరే. దేశాల మధ్య దత్తతకు నియమాలు పెట్టిన హేగ్ ఒప్పందం భారత్‌లో 2003 నుంచి, అమెరికాలో 2008 నుంచి అమల్లో ఉంది. ఆ పత్రం ఒక్కదాని మీద వీసా రాదు. బంధువుల బిడ్డకైనా కారా దారే. ఇద్దరిలో ఒక్కరికీ పౌరసత్వం లేక హెచ్-1బీ మీదో, గ్రీన్ కార్డు మీదో ఉంటే, కారింగ్స్‌లో నమోదయ్యే ముందే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. ఐ-800 పౌరులే వేయగలరు.

బిడ్డ వైద్య నివేదికను అంతర్జాతీయ దత్తత పిల్లలను చూసే పిల్లల డాక్టరుకు చూపించండి. బరువు, తల చుట్టుకొలత ఒక్క అంకెగా చూస్తే ఏమీ తెలియదు. నెలనెలా ఎలా పెరిగాయో అడగాలి. బిడ్డ ఆడుకుంటున్న వీడియో కూడా అడగండి: పిలిస్తే తిరుగుతుందా, చూపు మనిషి మీద నిలుస్తుందా అన్నది అందులో కనిపిస్తుంది.

శిశు గృహలో అడిగి రాసుకోవాల్సినవి

ఆఫీసు గదిలో కూర్చుని ఫైలు చదివితే సరిపోదు. రోజూ బిడ్డను చూసుకునే ఆయమ్మతో అరగంట మాట్లాడండి. పొద్దున ఏం తాగుతుంది, ఏ గ్లాసులో, ఎంత వేడిగా? అన్నం ఎంత మెత్తగా పిసకాలి? చాప మీద పడుకుంటుందా, ఉయ్యాలలోనా? గదిలో లైటు ఉంటుందా? ఏడిస్తే వీపు నిమరాలా, ఎత్తుకుని తిప్పాలా? ముద్దుపేరు ఏమిటి? ఆ ముద్దుపేరుతో, రోజూ నిద్రపుచ్చేటప్పుడు అనే మాటలతో ఆయమ్మ గొంతును ఫోన్‌లో రికార్డు చేసుకోండి. బిడ్డతో కలిపి ఫొటో తీయడానికి అనుమతి అడగండి. బిడ్డ కప్పుకునే గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకోండి, కొత్తది బదులు ఇచ్చి. దాన్ని ఉతక్కండి. కొత్త ఇంట్లో బిడ్డకు తెలిసిన వాసన అదొక్కటే.

బిడ్డ మహారాష్ట్ర నుంచో ఒడిశా నుంచో అయితే మరాఠీలో, ఒడియాలో ముప్ఫై మాటలు నేర్చుకుని వెళ్లండి. ఆకలి, నీళ్లు, నొప్పి, రా, అయిపోయింది, నేనున్నాను: ముందు ఇవి.

"అమ్మా" అన్న మాట

శిశు గృహలో షిఫ్టుల వారీగా వచ్చే ఆయాలందరినీ పిల్లలు "అమ్మా" అనే పిలవడం మామూలు. మొదటి రోజే మిమ్మల్ని అలా పిలిచిందంటే, డ్యూటీలో ఉన్న మనిషిని పిలిచిందని అర్థం. డ్యూటీ దిగి వెళ్లిపోని అమ్మ ఒకరు ఉంటారని ఆ బిడ్డకు ఇంకా తెలియదు. అది మాటలతో తెలిసేది కాదు. ఆకలేసినా, తడిసినా, దెబ్బ తగిలినా, నిద్ర రాకపోయినా ప్రతిసారీ అవే రెండు జతల చేతులు రావాలి.

అందుకే మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం తల్లిదండ్రులు మాత్రమే చేయాలి. మన ఇళ్లలో ఇది చాలా కష్టం. నానమ్మ టికెట్ కొనుక్కుని వచ్చేస్తారు, మనవరాలికి ముద్ద పెట్టాలని వాళ్లకు ఉంటుంది. ముందే ఫోన్‌లో చెప్పండి: "అత్తయ్యా, వంట మీది, ముద్ద నాది. ఒక్క రెండు నెలలు." కారణం కూడా చెబితే చాలామంది పెద్దవాళ్లు అర్థం చేసుకుంటారు. బారసాల, విందు, గుడి, అన్నీ మూడు నెలల తర్వాతే.

ఎఫ్‌ఎంఎల్‌ఏ (కుటుంబ అవసరాలకు సెలవు ఇచ్చే అమెరికా చట్టం) కింద అర్హత ఉంటే దత్తతకూ 12 వారాల సెలవు వస్తుంది, జీతం లేకుండా. ఇద్దరూ ఒకేసారి వాడేయకుండా మొదటి రెండు వారాలు కలిసి ఉండి, మిగతావి వంతులవారీగా తీసుకుంటే బిడ్డ త్వరగా డేకేర్ పాలవకుండా ఉంటుంది.

ముద్ద

బిడ్డకూ తల్లికీ మధ్య దూరం తగ్గడానికి గోరుముద్దను మించిన సాధనం లేదు. మెత్తగా పిసికిన పప్పన్నం, అర చెంచా నెయ్యి, ఉసిరికాయంత ముద్ద. చెయ్యి మీ ముఖం దగ్గరకు తెచ్చి ఒక్క క్షణం ఆపండి. బిడ్డ ముద్దను చూస్తూ మీ కళ్లలోకి చూస్తుంది. అప్పుడు పెట్టండి. మింగాక గిన్నె వంచి చూపించి "ఇంకా ఉంది" అనండి. ప్రతిసారీ అనండి.

ఎందుకంటే చాలామంది పిల్లలు మొదట్లో గబగబా మింగేస్తారు, ఆపమంటే ఏడుస్తారు, చివరి ముద్ద బుగ్గలో దాచుకుంటారు. లాక్కోవద్దు, కోప్పడొద్దు. అందేచోట చిన్న డబ్బాలో మెత్తని అరటిపండు ముక్కలు పెట్టి ఖాళీ కాగానే నింపుతూ ఉండండి. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాదని నమ్మకం కుదిరాక దాచుకోవడం దానంతటదే తగ్గుతుంది. పడుకోబెట్టే ముందు మాత్రం బుగ్గలో మెతుకులున్నాయేమో తప్పకుండా చూడాలి, నిద్రలో గొంతుకు అడ్డం పడొచ్చు. కొత్త పదార్థం మూడు రోజులకు ఒకటి చాలు. మూడేళ్ల బిడ్డ సీసాతో పాలు తాగుతానంటే ఒళ్లో పెట్టుకుని తాగించండి. పోగొట్టుకున్న పసితనాన్ని కాస్త వెనక్కి తీసుకుంటోంది.

నిద్ర

హైదరాబాద్‌కూ న్యూయార్క్‌కూ చలికాలంలో పదిన్నర గంటల తేడా. రెండు వారాల దాకా బిడ్డ రాత్రి రెండింటికి లేచి కూర్చుంటుంది. అది ఒక్క జెట్‌లాగే అనుకోకండి. పదిమంది పిల్లల ఊపిరి వింటూ పడుకున్న బిడ్డకు, చీకటి గదిలో ఒంటరి మంచం భయం. మీ గదిలోనే నేల మీద పరుపు వేసి, చెయ్యి అందేంత దగ్గరలో పడుకోండి. ఏడ్చి ఏడ్చి అలవాటు పడుతుందని వదిలేసే పద్ధతి ఈ పిల్లలకు అసలు పనికిరాదు. ఏడ్చినా ఎవరూ రారన్నది వాళ్లలో కొందరికి ముందే తెలుసు.

నాన్న దగ్గరకు రాకపోతే

శిశు గృహలో మగవాళ్లు తక్కువ. గడ్డం, కళ్లజోడు, గట్టి గొంతు చూసి బిడ్డ బిగుసుకుపోవచ్చు. నాన్న నేల మీద కూర్చోవాలి, బిడ్డకంటే ఎత్తుగా నిలబడకూడదు. సాయంత్రం పాలు, స్నానానికి ముందు నూనె మర్దన, ఉప్పుమూట, దోబూచులాట నాన్నకు వదిలేసి అమ్మ కాస్త పక్కకు జరగాలి. అమ్మను తోసేసి నాన్ననే పట్టుకునే బిడ్డ ఉంటే ఇదే తిరగేసి చేయండి. మొదటి నెలలో ఎవరినో ఒకరిని తోసేయడం మామూలే. మనసుకు తీసుకోకండి.

మంచి పిల్ల అని మురిసిపోయే ముందు

"ఎవరి దగ్గరికైనా వెళ్తుంది, ఏడవనే ఏడవదు, ఎంత మంచి పిల్లో!" అని చుట్టాలు మెచ్చుకుంటారు. పడి మోకాలు చీరుకుపోయినా ఏడవని బిడ్డ, పార్కులో ముక్కూమొహం తెలియని మనిషి ఒళ్లో ఎక్కే బిడ్డ ఇంకా తన మనుషులెవరో తేల్చుకోలేదు. దెబ్బ తగలగానే మీ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టిన రోజు పని జరుగుతున్నట్టు. ఆరు నెలలు దాటినా అలా తిరగకపోతే, దత్తత పిల్లలతో పనిచేసే థెరపిస్టును కలవండి. మాటలోనో నడకలోనో వెనకబడితే మూడేళ్లలోపు పిల్లలకు అమెరికాలో అర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదలలో వెనకబడిన పసిపిల్లలకు సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం) పరీక్ష ఉచితం.

చేరిన రెండు వారాల్లోపు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. రక్తహీనత, రక్తంలో సీసం, హెపటైటిస్ బీ, హెచ్ఐవీ, టీబీ, థైరాయిడ్, మలంలో పురుగులు చూడమని అడగండి. టీబీ పరీక్ష మొదటిసారి లేదని వచ్చినా మూడు నుంచి ఆరు నెలల తర్వాత మళ్లీ చేయించాలి. హెపటైటిస్ బీ కూడా ఆరు నెలలకు మళ్లీ.

పేరు, కథ, రిపోర్టులు

బిడ్డ దగ్గర సొంతమని ఉన్నది పేరొక్కటే. కొత్త పేరు పెట్టాలనుకుంటే పాతదాన్ని తోడుగా ఉంచి, కనీసం ఏడాదిపాటు రెండూ కలిపి పిలవండి. ఇంట్లో తెలుగే మాట్లాడండి, ఇంగ్లిష్ బడి నేర్పుతుంది.

కారాకు రెండేళ్లపాటు రిపోర్టులు వెళ్లాలి: మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. వాటి కోసం తీసే ఫొటోలతోనే ఒక ఆల్బమ్ కట్టండి. మొదటి పేజీలో శిశు గృహ గేటు, రెండో పేజీలో ఆయమ్మ. బిడ్డకు అర్థమవుతుందా లేదా అని చూడకుండా, వారానికోసారి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ పేజీలు తిప్పండి. "ఈ ఆయమ్మ నీకు రాగి జావ తాగించేది. తర్వాత అమ్మా నాన్నా వచ్చి నిన్ను దత్తత తీసుకున్నారు." ఆయమ్మ ఫొటో చూసి ఏడిస్తే పేజీ తిప్పేయకండి. ఏడుపు ఆగేదాకా ఎత్తుకుని కూర్చోండి.