కాన్పు తర్వాత థైరాయిడ్ మాత్ర: ఎనిమిదో నెలలోనే తేల్చుకోవలసిన జాగ్రత్తలు

హైపోథైరాయిడ్ (థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోను తయారుచేయకపోవడం) ఉన్న స్త్రీ గర్భవతి అయినప్పుడు, ఆ లోటు తీర్చడానికి వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్ర అవసరం సాధారణంగా పావు వంతు నుంచి సగం దాకా పెరుగుతుంది. అందువల్ల అంతకుముందు 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకునే ఆమె నెలలు నిండేసరికి 100కో 112కో చేరి ఉండటం మామూలే. బిడ్డ పుట్టగానే ఆ అదనపు అవసరం చాలావరకు తీరిపోతుంది గానీ, చీటీ మీద రాసిన అంకె మాత్రం ఎవరో ఒకరు మార్చేదాకా అలాగే ఉంటుంది. పెద్ద మోతాదే నెలల తరబడి సాగితే గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. వాటిని పసిబిడ్డతో రాత్రుళ్లు మేలుకోవడం వల్ల వచ్చిన అలసటగా ఇంట్లో అందరూ సరిపెట్టుకుంటారు.

కాబట్టి ఎనిమిదో నెల చెకప్‌లోనే డాక్టరును ఒక్క ప్రశ్న అడిగి, జవాబును అంకెలో రాయించుకోవాలి: కాన్పు మర్నాటి నుంచి ఎంత వేసుకోవాలి? గర్భానికి ముందు నుంచీ మాత్ర వాడుతున్నవారిని సాధారణంగా వెంటనే పాత మోతాదుకు తెచ్చి, సుమారు ఆరు వారాలకు టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తారు (సాధారణంగా ఈ అంకె పెరిగితే మాత్ర చాలడం లేదని, మరీ తగ్గితే ఎక్కువైందని అర్థం). గర్భంలోనే మొదటిసారి చిన్న మోతాదు మొదలుపెట్టినవారిలో కొందరికి పూర్తిగా ఆపి చూసే అవకాశం కూడా ఉంటుంది. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవారి లెక్క వేరు; వారికి టీఎస్‌హెచ్ ఎంత ఉండాలన్నదే వేరుగా నిర్ణయిస్తారు. ఈ మూడింటిలో తాను ఏ కోవకు చెందుతుందో తెలియకుండా, పక్కింటి కోడలు ఆపేసిందని తానూ ఆపేయడం కన్నా ప్రమాదం లేదు.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే మన ఆనవాయితీలో ఇంకో చిక్కు ఉంది. మోతాదు పెంచిన డాక్టరు ఒక ఊళ్లో, కాన్పు చేసే డాక్టరు మరో ఊళ్లో ఉంటారు. గర్భానికి ముందు ఎంత వేసుకునేదో రెండో డాక్టరుకు ఎవరూ చెప్పరు. ఆ పాత చీటీని, గర్భంలో చేయించిన టీఎస్‌హెచ్ రిపోర్టులన్నింటినీ ఫైలులో పైనే పెట్టుకుని వెళ్లాలి. మోతాదు మారిన రోజున పాత సీసాను ఇంట్లోంచి తీసేయడం కూడా అవసరమే, ఎందుకంటే నిద్ర చాలని బాలింత చేతికి రెండు సీసాల్లో ఏది అందుతుందో చెప్పలేము.

వేళ విషయంలో నిజమైన ఇబ్బంది పరగడుపు దగ్గరే వస్తుంది. మాత్రను మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. శొంఠి, బెల్లం, నెయ్యి వేసి చేసిన బాలింత కాయం ముద్దను కూడా పెద్దవాళ్లు పరగడుపునే పెడతారు. కాయం వద్దని అత్తగారితోనో అమ్మతోనో వాదించనక్కర్లేదు, మాత్ర తర్వాత గంట ఆగి తింటే చాలు. నాకు తెలిసి అన్నిటికన్నా తేలిక మార్గం, తెల్లవారుజామున బిడ్డకు పాలివ్వడానికి లేచినప్పుడే మాత్ర వేసుకుని మళ్లీ పడుకోవడం. కాన్పు తర్వాత 180 రోజులు వాడమని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకు మాత్రం దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. అవి లెవోథైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టి ఉంచి రక్తంలోకి చేరనివ్వవు. ఆ ఎడం పాటించకుండా పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ పెరిగినట్టు కనిపించి, అనవసరంగా మోతాదు పెంచే పరిస్థితి వస్తుంది.

ఆరో వారం పరీక్షను గుర్తు పెట్టుకోవడం కష్టం కాదు, బిడ్డకు టీకాలు వేయించవలసిందీ ఆ వారంలోనే. అంతకన్నా ముందే తొందరపడి చేయిస్తే కొత్త మోతాదు ప్రభావం పూర్తిగా తెలియదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవడం మంచిది. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నవారు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపాలి, లేకపోతే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అంకెలు తప్పుగా వస్తాయి.

ఆరో వారం రిపోర్టు బాగుంటే పని అయిపోయిందనుకోవడం కూడా పొరపాటే. హషిమోటో వ్యాధి (ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) ఉన్నవారిలో చాలామందికి కాన్పు తర్వాత పాత మోతాదు చాలదు. టీపీఓ యాంటీబాడీలు (అలాంటి దాడిని సూచిస్తూ రక్తపరీక్షలో కనిపించేవి) ఉన్నవారికి, అంతకుముందు ఏ మాత్రా వాడనివారికి సైతం, మొదటి ఏడాదిలో థైరాయిడ్ వాపు రావచ్చు. అందులో తొలి నెలల్లో నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారి దడ, బరువు తగ్గడం కనిపిస్తాయి. ఆ తర్వాత హార్మోను తగ్గిపోయి నీరసం, మలబద్ధకం, దిగులు వస్తాయి. అందుకే మూడో నెలలోనూ ఆరో నెలలోనూ మళ్లీ టీఎస్‌హెచ్ చూపించుకోవడం అవసరమా అని డాక్టరును అడగాలి. హార్మోను ఎక్కువైనప్పుడు థైరాయిడ్‌ను అణచడానికి ఇచ్చే రేడియో అయోడిన్ (రేడియోధార్మిక మందు) చికిత్సకు మాత్రం పాలిచ్చే తల్లి ఒప్పుకోకూడదు.

పాలలోకి మందు వెళుతుందన్న భయంతో మాత్ర మానేసేవారు ఇప్పటికీ ఉన్నారు. సరైన మోతాదులో లెవోథైరాక్సిన్ పాలలోకి చేరేది చాలా స్వల్పం, దాని వల్ల బిడ్డకు హాని లేదు. హార్మోను తక్కువైతేనే తల్లికి పాలు తగ్గే అవకాశం ఉంది. దిగులు ముదిరి తనకో బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చినా, కూర్చున్నప్పుడు కూడా గుండె ఆగకుండా దడదడలాడినా, టీఎస్‌హెచ్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.